పర్యావరణ సైన్స్ పదాలు బట్టీ కొట్టకుండా నేర్చుకోవడం ఎలా? బెంగళూరులో ఉన్న మనోళ్ల కోసం

తెలుగు మీడియంలో చదివి బెంగళూరొచ్చి ఇక్కడ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కోర్సులోనో, వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌లోనో, అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ (మురుగు నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్) దగ్గరో చేరినవాళ్లు, పీజీ రూమ్‌లో కూర్చుని గ్రూప్స్‌కి చదువుకుంటున్నవాళ్లు, పిల్లల ఈవీఎస్ పుస్తకం తెరిచి తెల్లమొహం వేసే అమ్మానాన్నలు, అందరికీ ఒకటే తలనొప్పి. పదాలు వందలకొద్దీ ఉంటాయి. ఎవరో ఒక పీడీఎఫ్ ఇస్తారు, అందులో అక్షర క్రమంలో లిస్టు ఉంటుంది, రాత్రి చదివితే పొద్దునకి బీఓడీ ఏదో సీఓడీ ఏదో కలిసిపోతాయి.

నేను ల్యాబ్‌లో పనిచేస్తా, కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది ఒకటే. లిస్టు పక్కన పడేసి ఏదో ఒక వస్తువు వెంట పడండి. మీ ఇంటి కుళాయి నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయి, వాడాక ఎక్కడికి పోతున్నాయి అని వాటి వెనకాలే నడవండి చాలు, సిలబస్‌లో సగం పదాలు దార్లోనే తగులుతాయి, అది కూడా ఒకదానికొకటి తగులుకుని వస్తాయి కాబట్టి ఊరికే మర్చిపోరు.

మొదటి పని: నోట్‌బుక్

మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు, యాప్‌లు అక్కర్లేదు. ఒక్కో పదానికి అర పేజీ వదలండి. పదం రాసి కింద నాలుగు సంగతులు రాయాలి: దీన్ని దేంట్లో కొలుస్తారు, ఎంత దాకా ఉంటే పర్లేదు, మన సిటీలో ఎక్కడ కనిపిస్తుంది, దేంతో కలిపి కన్ఫ్యూజ్ అవుతాం. డెఫినిషన్ రాయొద్దని కాదు, అది చివర్లో మీ సొంత మాటల్లో రాయండి. నాలుగూ తెలిసినప్పుడు డెఫినిషన్ దానంతటదే వస్తుంది.

నాలుగో సంగతి అస్సలు వదలొద్దు. ఇంటర్వ్యూలో గానీ ఎగ్జామ్‌లో గానీ దొరికిపోయేది అక్కడే. మొదటి పేజీలోనే ఈ నాలుగూ పక్కపక్కన రాస్కోండి: పర్యావరణం అంటే మన చుట్టూ ఉన్నదంతా, గాలీ నీరూ నేలా జీవులూ కలిపి. ఆవరణ వ్యవస్థ అంటే ఒక చెరువో అడవో తీసుకుని అందులో జీవులకీ నీళ్లకీ మట్టికీ ఎండకీ మధ్య నడిచే లావాదేవీ, ఎకోసిస్టమ్ అన్నమాట. వాతావరణం అంటే ఈరోజు సాయంత్రం వైట్‌ఫీల్డ్‌లో వాన పడుతుందా లేదా అనేది. శీతోష్ణస్థితి అంటే క్లైమేట్, 30 ఏళ్ల లెక్కల సగటు చూసి చెప్పేది. పేపర్లలో చివరి రెండింటికీ వాతావరణం అనే రాసేస్తారు, చదివేటప్పుడు ఏది అంటున్నారో మీరే పట్టుకోవాలి.

రెండో పని: నీళ్ల వెంట పడండి

దీనికి టైం ఎక్కువ పెట్టండి, వారం పట్టినా పర్లేదు.

కుళాయి దగ్గర మొదలుపెడదాం. మీ ఏరియాకి కావేరి కనెక్షన్ ఉంటే ఆ నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్లి నుంచి పంపింగ్ చేసుకుంటూ వస్తాయి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో, గట్టు మీదుంది, దగ్గర్లో పెద్ద నది లేదు, అందుకే ఈ తిప్పలన్నీ. ఇక్కడ మీకు దొరికే పదం ఎంఎల్‌డీ, అంటే రోజుకి ఎన్ని మిలియన్ లీటర్లు అని. 2024 అక్టోబర్‌లో మొదలైన కావేరి ఐదో దశ 775 ఎంఎల్‌డీది, అంటే రోజుకి 77.5 కోట్ల లీటర్లు. దీని పక్కనే ఎల్‌పీసీడీ రాయండి, మనిషికి రోజుకి ఎన్ని లీటర్లు అని. సిటీలకి ప్లాన్ చేసేటప్పుడు మామూలుగా 135 పట్టుకుంటారు. 775 ఎంఎల్‌డీని 135తో భాగించి చూడండి, కాగితం మీద 57 లక్షల మందికి సరిపోతాయి. కానీ పైపుల్లో కారిపోయేది, మీటర్ లేకుండా పోయేది తీసేయాలి కదా, ఆ పోయిన నీటినే నాన్ రెవెన్యూ వాటర్ అంటారు. చూడండి, ఒక్క లెక్కలో మూడు పదాలు వచ్చేశాయి.

కావేరి లేని ఇళ్లలో బోరు, అదీ ఎండితే ట్యాంకర్. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం కొట్టుకున్నది ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోరు. బోరు దగ్గర నేర్చుకోవాల్సినవి: భూగర్భ జలం, భూగర్భ జల మట్టం, ఆక్విఫర్, రీఛార్జ్ (వాన నీళ్లు ఇంకి భూగర్భ జలం మళ్లీ నిండడం). ఆక్విఫర్ అంటే భూమి లోపల చెరువు ఉంటుందనుకుంటారు చాలామంది, అలా ఏం ఉండదు, నీళ్లు పట్టి ఉంచే మట్టి, రాతి పొర అది. మన కింద ఉన్నది గట్టి రాయి. పైన కొన్ని మీటర్లు శిథిలమైన రాయి, మట్టి ఉంటాయి, వాన నీళ్లు ఇంకి అందులో నిలబడతాయి, పాత బావుల్లో ఊటొచ్చేది అక్కడ్నుంచే. దాని కింద రాతి బీటల్లో మాత్రమే నీళ్లుంటాయి, బోరు అదృష్టం బాగుంటే ఆ బీటకి తగులుతుంది. పైపొర వానాకాలంలో తొందరగా నిండుతుంది, లోపలి బీటలు నిండడానికి చాలా టైం పడుతుంది, అందుకే వెయ్యి అడుగులు వేసినా రెండేళ్లకి ఎండిపోయే బోర్లుంటాయి.

ఇది పుస్తకంలో కంటే బావి తవ్వేవాళ్ల దగ్గర బాగా అర్థమవుతుంది. బెంగళూరులో తరతరాలుగా బావులు తవ్వే మన్ను వడ్డర్లు ఉన్నారు, చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మీ ఏరియాలో ఇంకుడు బావి పని ఎక్కడైనా జరుగుతుంటే కాసేపు నిలబడి చూడండి, పలకరించండి. ఎన్ని అడుగుల దగ్గర తడి మట్టి తగిలింది, ఎక్కడ ఊట కనపడింది, సిమెంట్ వరలు దించేటప్పుడు పక్కల నుంచి నీళ్లు లోపలికి రావడానికి ఏం చేస్తారు, అన్నీ ఓపిగ్గా చెబుతారు. ఆ మాటలన్నీ రీఛార్జ్ పేజీలోకి ఎక్కించండి. బెంగళూరులో ఒక సైజు దాటిన సైట్లకి రెయిన్ వాటర్ హార్వెస్టింగ్ 2009 నుంచి తప్పనిసరి, మీ బిల్డింగ్‌లో ఉందో లేదో కూడా చూస్కోండి.

తర్వాత నీళ్ల రిపోర్టు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఎప్పుడో ఒకసారి టెస్ట్ చేయిస్తారు, ఆ కాగితం అడిగి ఫొటో తీస్కోండి. అందులో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాలు), హార్డ్‌నెస్ (కఠినత్వం), పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె), ఫ్లోరైడ్, నైట్రేట్, కోలిఫామ్ (మురుగు కలిసిందేమో పట్టిచ్చే బాక్టీరియా) ఉంటాయి. తాగే నీటికి మన దేశంలో ఐఎస్ 10500 అనే స్టాండర్డ్ ఉంది. దాని ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. హార్డ్‌నెస్ 200, దిక్కులేకపోతే 600. పీహెచ్ 6.5 నుంచి 8.5. ఫ్లోరైడ్ 1, మహా అయితే 1.5, నల్గొండ ఫ్లోరోసిస్ గురించి విన్నవాళ్లకి ఈ నంబర్ ఎందుకంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. నైట్రేట్ 45, దీనికి మాత్రం సడలింపు లేదు. కోలిఫామ్‌లలో ఒకటైన ఈ.కోలి అయితే 100 మిల్లీలీటర్లలో అస్సలు కనపడకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాటర్ ప్యూరిఫయర్ అమ్మడానికొచ్చే కుర్రాడు పెన్నులాంటి మీటర్ ముంచి టీడీఎస్ 600 ఉంది మేడం అని భయపెడతాడు. ఆ మీటర్ చూసేది నీళ్లలో కరెంట్ ఎంత పారుతుందనేది, దాన్ని బట్టి కరిగిన లవణాలు ఇంత ఉండొచ్చని చూపిస్తుంది, అంతే. నైట్రేట్ ఉందా, డ్రైనేజీ కలిసిందా, ఈ.కోలి ఉందా, ఇవేవీ దానికి తెలీదు. టీడీఎస్ 150 ఉన్న నీళ్లతో కూడా విరేచనాలు పట్టుకోవచ్చు. టీడీఎస్ పేజీలో నాలుగో సంగతి కింద ఇది రాయండి.

ఇప్పుడు వాడేసిన నీళ్లు. స్నానం, బట్టలు, గిన్నెల నీళ్లని గ్రే వాటర్ అంటారు, టాయిలెట్‌వి బ్లాక్ వాటర్, అన్నీ కలిస్తే సీవేజ్, మన మురుగు. పెద్ద అపార్ట్‌మెంట్ అయితే ఎస్‌టీపీ ఉంటుంది, ఒకసారి ఆపరేటర్‌తో కలిసి కిందకి దిగి చూడండి, వాసనకి కాస్త తట్టుకోవాలి. ముందు జల్లెడలాంటి బార్ స్క్రీన్, దాని తర్వాత నీళ్లన్నీ చేరే ఈక్వలైజేషన్ ట్యాంక్, ఆ తర్వాత ఏరేషన్ ట్యాంక్. అక్కడ కింద నుంచి గాలి కొడుతుంటే కాఫీ రంగు నీళ్లు కుతకుతలాడుతుంటాయి, ఆ రంగు మురికి కాదు, మురికిని తినే సూక్ష్మజీవుల గుంపు. ఆపరేటర్ ఒక లీటరు జాడీలో ఆ నీళ్లు ముంచి అరగంట కదపకుండా పెడతాడు. గోధుమరంగు మడ్డి మెల్లగా కిందకి దిగి పైన తేట నీళ్లు నిలబడితే ప్లాంట్ బాగానే నడుస్తున్నట్టు. మడ్డి దిగకుండా జాడీ నిండా మబ్బులా వేలాడుతుంటే ఏదో తేడా కొట్టినట్టు. ఆ మడ్డే స్లడ్జ్, ఈ పద్ధతి పేరు యాక్టివేటెడ్ స్లడ్జ్ ప్రాసెస్. పేరు భారీగా ఉంది గానీ జాడీ చూసినవాడికి ఇంక మర్చిపోయేది ఉండదు.

బీఓడీ ఇక్కడే నేర్చుకోవాలి, ఇంతకంటే మంచి చోటు లేదు. మురుగులో ఉన్న సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినాలంటే ఆక్సిజన్ కావాలి, ఎంత కావాలి అనేదే బీఓడీ. ఆక్సిజన్ ఎక్కువ అడిగిందంటే మురికి ఎక్కువుంది అని అర్థం, అందుకే బీఓడీ పెరిగితే చెడ్డది, డీఓ పెరిగితే మంచిది. డీఓ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. ఒకటి అప్పు, ఇంకోటి చేతిలో ఉన్న డబ్బు అనుకోండి, మళ్లీ తిరగేసి చెప్పే ప్రమాదం ఉండదు.

ల్యాబ్‌లో ఎలా చేస్తామో చెప్తా, ఎందుకంటే ఒకసారి ఊహించుకుంటే పదం దిగిపోతుంది. 300 మిల్లీలీటర్ల గాజు సీసా, గాజు మూత, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. మురుగుని అలాగే పోస్తే ఉన్న ఆక్సిజన్ అంతా ముందే అయిపోతుంది కాబట్టి మంచినీళ్లు కలిపి పలచన చేస్తాం. కొన్ని సీసాల్లో వెంటనే డీఓ చూస్తాం, మిగతావి 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చీకట్లో పెట్టి అప్పుడు చూస్తాం. పాత పుస్తకాల్లో 20 డిగ్రీలు, 5 రోజులు అని ఉంటుంది, మన దేశపు ఎండకి ఇది మార్చుకున్నారు, రెండూ గుర్తుంచుకోండి, ఎగ్జామ్‌లో ఏదైనా అడగొచ్చు. డీఓ చూడ్డానికి సీసాలో మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ ఎజైడ్ పోస్తాం. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు ముద్దలు కట్టి కిందకి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. యాసిడ్ పోస్తే ఆ ముద్ద కరిగి నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. అప్పుడు థయోసల్ఫేట్ చుక్క చుక్క వేసుకుంటూ పోయి, రంగు పలచబడ్డాక స్టార్చ్ వేస్తే నీలం, ఇంకొన్ని చుక్కలకి నీలం ఠక్కున పోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే లెక్క. మురుగు శాంపిల్ నేరుగా చూస్తే ఆ తెల్లరంగు కనిపిస్తుంది, అందులో చేప ఎందుకు బతకదో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

సీఓడీ అంటే అదే పని సూక్ష్మజీవులతో కాకుండా గట్టి రసాయనంతో, డైక్రోమేట్‌తో 2 గంటలు మరగబెట్టి చేయించడం. జీవులు తినలేనివి కూడా అది కాల్చేస్తుంది కాబట్టి సీఓడీ ఎప్పుడూ బీఓడీ కంటే ఎక్కువే. రిపోర్టులో తిరగబడి కనిపిస్తే ల్యాబ్‌ని అనుమానించండి.

చివరికి చెరువు. బెళ్లందూరు వైపు ఉన్నవాళ్లకి ఇది రోజూ కనిపించేదే. బెంగళూరు చెరువులు గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండి అలుగు పారితే నీళ్లు రాజకాలువ మీదుగా కిందిదానికి పోతాయి. బెళ్లందూరు నుంచి వర్తూరు, అక్కడ్నుంచి దక్షిణ పినాకిని. కట్ట, తూము, అలుగు మనకి చిన్నప్పట్నుంచీ తెలిసినవే కాబట్టి క్యాచ్‌మెంట్ అంటే పరీవాహక ప్రాంతం, ఇన్‌లెట్, అవుట్‌లెట్ అని ఇంగ్లీషు పేర్లు తగిలించడం పెద్ద కష్టం కాదు. ఇదే గొలుసులోకి మురుగు వదిలితే పైచెరువు పాపం కిందిచెరువుకి చుట్టుకుంటుంది. మురుగులో నత్రజని, ఫాస్ఫరస్ ఎక్కువ, అవి మొక్కలకి ఎరువు, నాచూ గుర్రపుడెక్కా చెరువంతా పరుచుకుంటాయి, చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ లాగేస్తాయి, చేపలు తేలతాయి. ఈ కథ మొత్తానికి పేరు యూట్రోఫికేషన్, తెలుగులో సుపోషణ అంటారు. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలాయి, డీఓ పేజీలో ఆ ఉదాహరణ రాయండి. ఇక బెళ్లందూరు నురుగు వేరే సంగతి. అది డిటర్జెంట్లలో ఉండే, నురుగు పుట్టించే సర్ఫాక్టెంట్ల వల్ల, నీళ్లు అలుగు దగ్గర పైనుంచి పడి చిలికినట్టవుతుంటే నురుగు లేస్తుంది. అదే చెరువులో నిప్పంటుకున్న సందర్భాలూ ఉన్నాయి, 2018 జనవరిలో అయితే ఆర్మీ దిగి ఆర్పాల్సొచ్చింది. ఎగ్జామ్‌లో నురుగుకి కారణం యూట్రోఫికేషన్ అని రాసేవాళ్లు బోలెడుమంది, రెండూ మురుగుతోనే వచ్చినా పని చేసే తీరు వేరు.

మనవాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ కోలార్. కోరమంగళ-చల్లఘట్ట లోయ మురుగుని శుద్ధి చేసి 2018 నుంచి కోలార్ చెరువులకి పంపుతున్నారు, దాన్నే కేసీ వ్యాలీ ప్రాజెక్టు అంటారు. బోర్లలో నీళ్లు పైకొచ్చాయని సంతోషించే రైతులున్నారు, సెకండరీ ట్రీట్‌మెంట్‌తో ఆపకుండా టెర్షియరీ కూడా చేయాలని పోట్లాడేవాళ్లూ ఉన్నారు. ప్రైమరీ అంటే బరువైనవి కిందకి దించడం, సెకండరీ అంటే సూక్ష్మజీవులతో తినిపించడం, టెర్షియరీ అంటే మిగిలిన నత్రజని, ఫాస్ఫరస్, క్రిములు కూడా తీసేయడం. కోలార్‌లో చుట్టాలుంటే ఫోన్ చేసి అడగండి, ఈ మూడు పదాల మీద గంట మాట్లాడతారు.

మూడో పని: చెత్తబుట్ట

ఇది తొందరగా అయిపోతుంది. బెంగళూరులో ఎలాగూ పచ్చబుట్టలో తడి చెత్త, ఎర్రబుట్టలో డైపర్లు, ప్యాడ్ల లాంటివి, సంచిలో పొడి చెత్త వేయాలని చెప్తూనే ఉన్నారు. ఇంట్లోనే వేరు చేయడాన్ని సెగ్రిగేషన్ ఎట్ సోర్స్ అంటారు. తడి చెత్త కుళ్లేది, పొడిదాంట్లో ఎక్కువ భాగం రీసైకిల్ అయ్యేది. రెండూ కలిపి పారేస్తే ల్యాండ్‌ఫిల్‌కి, అంటే ఊరి బయట చెత్త గుట్టకి పోతాయి, గుట్టలో ఊరిన నల్లటి రసం లీచేట్, అది భూగర్భ జలంలోకి దిగుతుంది. మావళ్లిపుర, మండూరు ఊళ్లవాళ్లు మా ఊళ్లో మీ చెత్తేంటి అని తిరగబడి ఆపించింది ఇందుకే.

ఏరోబిక్ (గాలితో కుళ్లడం), అనేరోబిక్ (గాలి లేకుండా కుళ్లడం) అనే జంట కోసం బాల్కనీలో కంపోస్ట్ కుండ పెట్టండి. గాలి తగులుతుంటే మట్టి వాసన, గాలి ఆడకపోతే కుళ్లిన గుడ్డు వాసన, అదీ తేడా. ఎండుటాకులో కొబ్బరి పొట్టో వేసి తిరగేస్తే వాసన తగ్గుతుంది, ఎందుకంటే గాలీ ఆడుతుంది, కార్బన్-నైట్రోజన్ నిష్పత్తీ సరిపోతుంది. అది 25-30కి 1 దగ్గరుంటే మంచిది. గాలి లేకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. చెత్త పేజీ నుంచి క్లైమేట్ పేజీకి బాణం గీయండి.

నాలుగో పని: గాలి

ఫోన్‌లో సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) వాళ్ల సమీర్ యాప్ వేస్కోండి. దగ్గరున్న స్టేషన్ చూసి రోజూ ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ రాయండి. 50 దాకా బాగుంది, 100 దాకా పర్లేదు, 200 దాకా ఓ మోస్తరు, 300 దాకా బాలేదు, 400 దాకా చాలా బాలేదు, ఆ పైన 500 దాకా తీవ్రం. చాలామంది ఏక్యూఐ అంటే అన్ని కాలుష్యాల సగటు అనుకుంటారు. కాదు. పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్ ఇలా 8 కాలుష్యాలకి విడివిడిగా స్కోరు కట్టి, వాటిలో అన్నిటికంటే ఘోరంగా ఉన్నదే బోర్డు మీద చూపిస్తారు. అందుకే పక్కనే ప్రధాన కాలుష్యం ఏదో కూడా రాసి ఉంటుంది, అది కూడా నోట్ చేస్కోండి.

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు. మనిషి వెంట్రుక మందం సుమారు 50-70 మైక్రాన్లు. ఘనపు మీటరు గాలిలో 24 గంటలకి మన దేశం పెట్టుకున్న హద్దు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఈ తేడా చూసి ఆవేశపడటం కంటే రెండు అంకెలూ రాస్కోవడం మంచిది, వ్యాసాల్లో పనికొస్తాయి.

సిల్క్‌బోర్డ్ జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు ఇంకో రెండు పదాలు. ముందున్న బస్సు గొట్టంలోంచి వచ్చేది ఉద్గారం, ఎమిషన్. మీరు పీల్చేది పరిసర గాలి, యాంబియెంట్. రెండిటికీ ప్రమాణాలు వేరు, కొలిచే పద్ధతీ వేరు. అలాగే గొట్టంలోంచి నేరుగా వచ్చిన నైట్రోజన్ ఆక్సైడ్లు ప్రాథమిక కాలుష్యాలు, అవే ఎండలో ఇతర ఆవిర్లతో కలిసి తయారుచేసే ఓజోన్ ద్వితీయ కాలుష్యం. ఓజోన్ పైన పొరలో ఉంటే గొడుగు పడుతుంది, కింద ముక్కు దగ్గరుంటే ఊపిరితిత్తులకి చేటు. 1987 మాంట్రియల్ ఒప్పందం కాపాడింది పైదాన్ని. ఓజోన్ పొరకి చిల్లు పడటం, భూతాపం ఒకటి కాదు, రెండు వేర్వేరు సమస్యలు, దయచేసి కలపొద్దు.

శబ్దం గురించి ఒక్క మాట. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. డెసిబెల్ మామూలు స్కేల్ కాదు, 10 పెరిగితే శక్తి 10 రెట్లు పెరిగినట్టు.

ఐదో పని: చెట్లూ పిట్టలూ

ఆదివారం పొద్దున కబ్బన్ పార్క్‌కో లాల్‌బాగ్‌కో వెళ్లండి. స్థానిక జాతి, విదేశీ జాతి, ఆక్రమణ జాతి, ఈ మూడూ అక్కడే తేలిపోవాలి. కానుగ, నేరేడు, మర్రి మనవి. ఫిబ్రవరి, మార్చిలో గులాబీరంగు పూలతో అందరూ సెల్ఫీలు దిగే టబెబుయా, నిద్రగన్నేరు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, తురాయి మడగాస్కర్‌ది. ఇవి విదేశీ జాతులే గానీ నాటిన చోట బుద్ధిగా నిలబడ్డాయి. బయట ఖాళీ సైట్లలో తెల్లపూలతో నిండిన వయ్యారిభామ ఉంటుంది చూడండి, చెరువులో గుర్రపుడెక్క, మన సీమలో సర్కారు తుమ్మ, ఇవి ఆక్రమణ జాతులు, పక్క మొక్కని బతకనివ్వవు. అంటే ప్రతి ఆక్రమణ జాతీ బయటిదే, బయటిదల్లా ఆక్రమణ జాతి కాదు.

ఎండెమిక్, ఎండేంజర్డ్ ఇంకో జంట. ఎండెమిక్ అంటే ఒక ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా లేనిది, ఎండేంజర్డ్ అంటే అంతరించే ప్రమాదంలో ఉన్నది. మన కడప కలివికోడి రెండూ. పోయిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ కనిపించింది, ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ రెడ్ లిస్టులో తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటిలో పెట్టారు. బెంగళూరులో అయితే ఐఐఎస్సీ క్యాంపస్ చెట్ల మీద దేవాంగపిల్లులున్నాయి, ఆవాసం, హాబిటాట్ అనే పదానికి ఆ ఉదాహరణ వాడండి, ఇంత సిటీ మధ్యలో కొమ్మకి కొమ్మ ఆనుకున్న చెట్లు మిగిలాయి కాబట్టే అవీ మిగిలాయి.

బయో అక్యుములేషన్, బయో మ్యాగ్నిఫికేషన్ కూడా ఇక్కడే. పాదరసం లాంటిది ఒకే చేప ఒంట్లో రోజురోజుకీ పేరుకుంటే మొదటిది. నాచు నుంచి చిన్న చేపకి, దాన్నుంచి పెద్ద చేపకి, దాన్ని తినే కొంగకి, మెట్టు ఎక్కేకొద్దీ సాంద్రత పెరిగితే రెండోది, తెలుగు పుస్తకాల్లో జైవిక వృద్ధీకరణం.

ఆరో పని: క్లైమేట్ పదాలు, ఆఫీసు పదాలు

క్లైమేట్‌కి ముందు ఒక అంకె: పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు అని), ఇప్పుడు 420 దాటింది. తర్వాత ఒక జంట: మిటిగేషన్ అంటే ఉద్గారాలు తగ్గించడం, అడాప్టేషన్ అంటే వచ్చే ఎండకీ వరదకీ తట్టుకునేలా మనం మారడం. సోలార్ ప్యానెల్ పెట్టడం మొదటిది, రాజకాలువ మీద కబ్జాలు తీసేసి వరద పారేలా చేయడం రెండోది. భారతదేశం నెట్ జీరో (గాలిలోకి వదిలినంతా మళ్లీ వెనక్కి తీసేసి లెక్క సున్నా చేయడం) టార్గెట్ 2070, 2021 గ్లాస్గో సమావేశంలో ప్రకటించారు.

ఆఫీసు పదాలు బోరు కొడతాయి గానీ ఉద్యోగంలో తిండి పెట్టేవి ఇవే. చట్టాలు వరసగా: నీటి చట్టం 1974, గాలి చట్టం 1981, 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత పర్యావరణ పరిరక్షణ చట్టం 1986, జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010. మన బెంగళూరు కేసులు ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కి పోతాయి. ఫ్యాక్టరీ కట్టేముందు పొల్యూషన్ బోర్డు దగ్గర తీస్కునేది సీఎఫ్ఈ (కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్), నడిపేముందు తీస్కునేది సీఎఫ్‌ఓ (కన్సెంట్ ఫర్ ఆపరేషన్). 20,000 చదరపు మీటర్లు దాటిన బిల్డింగ్‌కైతే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి, అంటే ఈసీ కూడా కావాలి. ఈసీ అనేది అనుమతి, ఈఐఏ అనేది దానికోసం చేసే పర్యావరణ ప్రభావ అధ్యయనం, ఇంటర్వ్యూలో రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడొద్దు. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలి, పూర్తి రుజువు లేదని చేతులు కట్టుకుని కూర్చోకూడదు అనే రెండు సూత్రాలనీ సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ల ఫ్యాక్టరీల కేసులో మన చట్టంలో భాగమని చెప్పింది.

ఏడో పని: వచ్చిందో లేదో చూస్కోవడం

ఊళ్లో అమ్మకో అత్తకో ఫోన్ చేసినప్పుడు ఒక పదం అర్థం ఆ పదం వాడకుండా చెప్పండి. ఆక్సిజన్ అప్పు అని మొదలుపెట్టి బీఓడీ దాకా చెప్పగలిగితే వచ్చినట్టే. అవతలివాళ్లు మధ్యలో ఆపి, అయితే చేపలెందుకు చస్తాయే అని అడిగినప్పుడు తడబడితే ఆ పేజీ మళ్లీ చదవండి.

ఇంకోటి, వారానికో వార్త తీస్కోండి, చెరువుదో చెత్తదో. తెలుగు పేపర్‌లో ఒకసారి, ఇంగ్లీషు పేపర్‌లో ఒకసారి చదివి అందులో పదాల కింద గీత గీయండి. అంకె ఇచ్చి యూనిట్ ఇవ్వని చోట పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, అలాంటివి చాలా కనిపిస్తాయి. నీళ్లలో పీపీఎం అన్నా లీటరుకి మిల్లీగ్రాము అన్నా దాదాపు ఒకటే, గాలి దగ్గర మాత్రం అలా కుదరదు, అక్కడ పీపీఎం అంటే వాల్యూమ్ లెక్క, మైక్రోగ్రాములు అంటే బరువు లెక్క.

తెలుగులో పరీక్ష రాసేవాళ్లు తెలుగు అకాడమి పుస్తకాల్లో వాడిన పదమే వాడండి, సొంతంగా అనువాదం చేయొద్దు, దిద్దేవాళ్లకి అర్థం కాకపోతే మార్కు పోతుంది. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లయితే ముందురోజు రాత్రి నోట్‌బుక్‌లో నాలుగో సంగతి ఒక్కటే తిరగేయండి: బీఓడీ-సీఓడీ, ఈఐఏ-ఈసీ, ఎండెమిక్-ఎండేంజర్డ్, ఉద్గారం-పరిసరం, మిటిగేషన్-అడాప్టేషన్. మేం ల్యాబ్‌లో ఇంటర్వ్యూ తీస్కునేటప్పుడు మొదటి అయిదు నిమిషాలూ వీటి చుట్టూనే తిరుగుతాం.